ఇరవై ఏడో మెట్టు

గురువారం పొద్దున తొమ్మిదీ పదికి నేను ఆ పాత భవనంలో, పైనుంచి పదకొండో మెట్టు మీద చతికిలబడి కూర్చున్నాను. మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు దిగే మెట్లవి. మొత్తం ఇరవై. గోడ మీద సుద్దముక్కతో "20" అని రాసి ఉంది. రెండో అంతస్తు నుంచి నేల మీదున్న మొదటి అంతస్తుకు దిగేచోట కూడా అదే చేతిరాతలో మరో "20". బరువు సామాన్లు దించేవాళ్ళు పని మొదలుపెట్టే ముందు మెట్లు లెక్కపెట్టి గోడ మీద రాసుకుంటారు. కిందివైపు పట్టుకున్నవాడు వెనక్కి నడుస్తాడు కాబట్టి అతనికి మెట్లు కనపడవు. అతనికి దిక్కు లెక్క ఒక్కటే.

సోమవారం ఉదయం పదీ యాభైకి ఈ మెట్ల మీదుగా రెండు వందల ముప్పై కిలోల పియానో దిగింది. పైన ఒక మనిషి, కింద ఒక మనిషి. ఆ కింది మనిషిని వాళ్ళ వృత్తిలో అందరూ స్తంభం అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఎప్పుడూ కిందివైపే పట్టాడట, ఒక్క వస్తువు కూడా జారవిడవలేదట. ఆ రోజూ పియానో క్షేమంగా దిగింది. స్తంభం మాత్రం దాని పక్కనే కూలబడిపోయాడు, మళ్ళీ లేవలేదు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ పగిలి నరాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పాడు. శుక్రవారం పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలి. శనివారం దాటితే కాళ్ళు రావడం కష్టమన్నాడు.

అతని భార్య బట్టలు కుడుతుంది. బుధవారం మధ్యాహ్నం మెడలో కొలతల టేపుతోనే నా దగ్గరికొచ్చింది, దాన్ని తీసి పెట్టే తీరిక కూడా లేనట్టుంది. రెండు రోజుల్లో ఆమె ఎక్కని గుమ్మం లేదు. సామాన్ల కంపెనీకి వెళ్ళింది, కార్మికుల సహాయనిధికి వెళ్ళింది, ఒక దాతృత్వ సంస్థకు వెళ్ళింది, ఆసుపత్రిలో సహాయం కోరే కిటికీ దగ్గర నాలుగు గంటలు నిలబడింది. అందరిదీ ఒకటే పాట. పని చేస్తుండగా తగిలిన దెబ్బే అని బీమా కంపెనీ ఒక కాగితం ముక్క ఇస్తే మిగిలింది మేం చూసుకుంటామన్నారు. బీమా కంపెనీ మాత్రం ఇవ్వనంది. ఇంత తిరిగినా ఎక్కడా కంట తడి పెట్టలేదట. ఎలాగమ్మా అని అడిగితే, "ఏడిస్తే కొలతలు కనపడవక్కా" అంది. ఆ ఒక్క మాటకే ఆ కేసు నేను తీసుకున్నాను. ఫీజు సంగతి ఆమె ఎత్తితే నేనే నోరు మూయించాను.

ఆ బీమా కంపెనీ నాకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ళు అక్కడే పరిహారాల విభాగంలో పని చేశాను. నోటి దురుసు వల్ల బయటికొచ్చాను, ఆ నోరే ఇప్పుడు నాకు తిండి పెడుతోంది. అక్కడ నేను పని నేర్పిన కుర్రాడే ఇప్పుడు వాళ్ళ పెద్ద దర్యాప్తు అధికారి. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు కాబట్టి నేను కోటు అనే పిలుస్తాను. స్తంభం దరఖాస్తు తిరగ్గొట్టింది అతనే.

తొమ్మిదిన్నరకు ఆ కోటు మెట్లెక్కి వచ్చింది. నేను వస్తానని ఎవరో చెప్పారు కాబోలు. నన్ను చూసి లేవమని కూడా అనలేదు, రెండు మెట్ల కింద నిలబడి ఫైలు తెరిచాడు.

"మేడమ్, మీ టైము వృథా. పియానోకి గీత కూడా పడలేదు, గోడకి సొట్ట పడలేదు. కాలు జారిందని అతనే రాసిచ్చాడు, పైన పట్టినవాడూ అదే మాటన్నాడు. పదకొండో మెట్టు మీద కాలు జారితే పియానో ఊరుకుంటుందా? మనిషి నడుము విరిగి పియానో నవ్వుతూ నిలబడిందంటే ఎవరు నమ్ముతారు?"

ఇంకా ఉన్నాయి అతని దగ్గర. మూడేళ్ళ కిందట స్తంభం నడుం నొప్పికి మందు రాయించుకున్న చీటీ ఒకటి. అంటే పాత జబ్బు, పాత జబ్బుకు పాలసీలో పైసా రాదు. రెండోది, పని పుస్తకం. పియానో పనికి ముగ్గురు ఉండాలని సామాన్ల కంపెనీ నియమం. ఇద్దరు మోస్తారు, మూడోవాడు దారి మనిషి. మెట్ల అడుగున రెయిలింగుకి ఎర్రగుడ్డ కట్టి, ఎవరూ ఎక్కకుండా చూస్తూ, కింద నుంచి మెట్లు గట్టిగా లెక్కపెట్టడం అతని పని. ఆ రోజు దారి మనిషి స్తంభం సొంత బావమరిది, ఆ కుట్టుపని చేసే ఆమె తమ్ముడు. బరువు నేలకు ఆనేదాకా అక్కడే ఉన్నాననీ, ప్రమాదమేదీ జరగలేదనీ ఉన్న కాగితం కింద అతని సంతకం ఉంది. ఎర్రగుడ్డ కట్టి ఉన్న ఫొటో కూడా ఉంది.

కోటు చెప్పింది కొట్టిపారేసేది కాదు. నేను నేర్పిన పనే, శుభ్రంగా చేశాడు. కాకపోతే నేను రెండు పాఠాలు నేర్పాను, అతను ఒకటే గుర్తుపెట్టుకున్నాడు. కాగితం చదవడం మొదటిది, కాగితంలో లేనిది వెతకడం రెండోది.

ఆ సంతకం ఎప్పుడు పెట్టిందని అడిగాను. పని అయ్యాక అన్నాడు. నవ్వొచ్చింది నాకు. సామాన్లు దించేవాళ్ళు పని పుస్తకంలో సంతకాలు పొద్దున బండి ఎక్కుతూనే పెట్టేస్తారు. సాయంత్రానికి చేతులు వణికి పెన్ను నిలవదు. ఈ సంగతి ఆ వృత్తిలో అందరికీ తెలుసు, కోటు వేసుకున్నవాళ్ళకు తప్ప. అదే మొహం మీద అన్నాను. అతను ఫైలు మూసి, రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయిని కూడా అడగమన్నాడు. ఆమె ఏదో లెక్క విన్నానని చెప్పిందట, కానీ ఆ లెక్క పిచ్చి లెక్కట. అది చెప్తున్నప్పుడు అతని పెదవి కొంచెం వంకర తిరిగింది.

ఆ అమ్మాయి తలుపు తీసే ఉంచింది. సోమవారం కూడా అలాగే తీసి ఉంచిందట, గాలి కోసం, కానీ ఆమె బల్ల నుంచి మెట్లు కనపడవు. విన్నది విన్నట్టు చెప్పమన్నాను. పది దాటి యాభై అవుతుండగా మగ గొంతు ఒకటి మెట్లు లెక్కపెట్టడం మొదలైంది. బరువు మోస్తున్న గొంతు, అంకె అంకెకీ ఊపిరి తీసుకుంటూ. పదకొండు దగ్గర ఆగింది. ఏవో రెండు మాటలు, అవి సరిగ్గా వినపడలేదు. తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది.

"అదే గొంతు మేడమ్. కానీ ఈసారి నెమ్మదిగా, హాయిగా, చిన్నపిల్లకి నేర్పుతున్నట్టు. మధ్యలో ఒకసారి 'ఇక్కడ కుడి పక్కకి' అన్నాడు. ఇరవై ఏడు దాకా వెళ్ళింది. నేను లెక్కపెట్టా, నాకు అదో అలవాటు. కోటాయన నమ్మలేదు."

ఎందుకు నమ్మలేదో తెలుస్తూనే ఉంది. మెట్లే ఇరవై. పదకొండు దిగాక మిగిలేవి తొమ్మిది. ఇరవై ఏడు ఎక్కడినుంచి వచ్చింది? ఆ తర్వాత ఏం విన్నావని అడిగాను. ఒక్క నిమిషం ఏమీ లేదట. ఆ పైన మళ్ళీ పన్నెండు నుంచి ఇరవై దాకా లెక్క, ఈసారి గొంతు పీలగా, ఆగి ఆగి. చివర్న పియానో నేలకు ఆనిన చప్పుడు, వెంటనే మనిషి పడిన చప్పుడు.

వచ్చి మళ్ళీ పదకొండో మెట్టు మీద కూర్చున్నాను. కోటు గోడకి ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు.

ఒక విషయం తేలిపోయింది. దారి మనిషి ఉంటే లెక్కపెట్టాల్సింది అతను. మొదటి లెక్క కూడా స్తంభమే పెట్టుకున్నాడంటే ఆ సమయానికి కింద ఎవరూ లేరు, గుడ్డ మాత్రమే ఉంది. బావమరిది గుడ్డ కట్టి ఎక్కడికో వెళ్ళాడు. కళ్ళున్నవాడికి ఆ గుడ్డ చాలు.

కళ్ళున్నవాడికి.

పని పుస్తకంలోంచి రాసుకున్న నంబరుకు ఫోన్ చేశాను. ఆ పియానో ఒక సంగీతం టీచరమ్మది, ఈ మూడో అంతస్తు ఖాళీ చేసి వేరే ఇంటికి మారింది. సోమవారం పదకొండు గంటలకు ఎవరైనా మీ ఇంటికి రావాలా అని అడిగాను. రావాలి, రాలేదు అంది విసుగ్గా. పియానో తీగలు సరిచేసే పెద్దాయన, బయలుదేరే ముందు ఒకసారి చూస్తానన్నారట. ముప్పై ఏళ్ళుగా ఆవిడ పియానోకి ఆయనే వైద్యుడు. చూపు లేదు, చెవులే కళ్ళు. మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారని తర్వాత ఫోన్లో చెప్తే ఆవిడ బాగా కోప్పడిందట.

పెద్దాయన నంబరు తీసుకుని ఫోన్ స్పీకరులో పెట్టాను, కోటుకు కూడా వినపడేలా. ఆయన చాలా సంతోషంగా మాట్లాడారు. మెట్లెక్కుతుంటే కర్ర ఎవరి బూటుకో తగిలిందట, చూపు లేదు నాయనా అన్నారట. పైన సామాను ఉందని ఆ మనిషి చెప్పాడట.

"తాతగారూ, వెనక్కి తిరగండి, కంగారేం లేదు, మీరు దిగండి నేను లెక్కపెడతా అన్నాడమ్మా. ఏడు మెట్లు దించాడు, పక్కకి తిప్పాడు, మళ్ళీ ఇరవై మెట్లు దించాడు. ఎంత మర్యాద! ఈ కాలంలో అలాంటివాళ్ళు ఎక్కడున్నారు?"

ఏడూ ఇరవై, ఇరవై ఏడు. అతని గొంతులో ఏమైనా తేడా ఉందా, ఆయాసం గానీ నొప్పి గానీ, అని అడిగాను.

"ఏం తేడా అమ్మా? పడకకుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ముప్పై ఏళ్ళు తీగలు విన్న చెవులు ఇవి, బిగువుంటే పట్టేస్తాను."

ఆ ముప్పై ఏళ్ళ చెవుల్ని కూడా బోల్తా కొట్టించాడు స్తంభం. ముసలాయన తొందరపడకూడదని, భయపడి అడుగు తప్పకూడదని.

ఫోన్ పెట్టేసి గడియారం చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఇంకా ఏడు మెట్లు మిగిలే పదమూడో మెట్టు నుంచి మొదలుపెట్టి రెయిలింగు తడుముకుంటూ దిగాను. ఏడు, మలుపు, ఇరవై. కళ్ళు తెరిచి చూస్తే నిమిషం యాభై సెకన్లు. మెట్ల మధ్యలో పియానో దించడానికి వీలుండదు. నడుస్తుంటే బరువు ఇద్దరూ పంచుకుంటారు, ఆగితే మాత్రం అంతా కిందివాడి నడుము మీదే. ఆగాల్సి వస్తే వదిలేసి గోడకి అతుక్కోమని వాళ్ళకు మొదటి రోజే నేర్పుతారు. వస్తువు పోతే వస్తువు వస్తుంది.

అతను వదల్లేదు సరికదా, పెద్దాయన మలుపు తిరిగి తప్పుకున్నాక కూడా లెక్క ఆపలేదు. ఎనిమిదో అంకెకే ఆయన ప్రాణానికి ఢోకా లేదు. ఆ పైన పంతొమ్మిది మెట్లు ఎందుకు? పియానో వదిలేస్తే మెట్ల మధ్యలో ఉన్న చూపు లేని మనిషి ఆ చప్పుడుకు ఉలిక్కిపడి అడుగు తప్పుతాడని. నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది. నా వయసుకు, నా నోటికి అది అరుదు.

కోటు మాత్రం నవ్వాడు. నేనే అతనికి దారి చూపించానన్నాడు. ప్రమాదం పక్కన పెట్టండి, ఇది దొంగ సంతకం కేసు అయిందన్నాడు. బావమరిది కాపలా వదిలి పోయాడు, బావ అబద్ధం రాసిచ్చాడు, ఇద్దరూ కలిసి కంపెనీని మోసం చేశారు, సాయంత్రానికి పోలీసు ఫిర్యాదు ఇస్తానన్నాడు. ఫైలు చంకలో పెట్టుకుని రెండేసి మెట్లు దాటుతూ దిగిపోయాడు.

నేను ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. కింద బల్ల మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి, చంకలో ముడిచిన ఎర్రగుడ్డ. మంగళవారం నుంచి అక్కడే కూర్చున్నాడట, పైకి మాత్రం వెళ్ళడట. పైకి రా, తలుపు బయట నిలబడు, లోపల మాట్లాడేది విను అన్నాను. ఎందుకని కూడా అడగలేదు, నా వెనకే వచ్చాడు.

స్తంభం మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నేననుకున్నంత భారీ మనిషి కాదు. భార్య పక్కన కూర్చుని ఎవరిదో చొక్కాకి బొత్తాలు కుడుతోంది, మంచం పక్క కూడా పని ఆపలేదు. మెట్ల మీద జరిగిందంతా వరసగా చెప్పాను, ఎవరి నోట విన్నానో మాత్రం చెప్పలేదు. కర్ర, బూటు, ఇరవై ఏడు. ఆమె సూది ఆగిపోయింది. అతను మాత్రం దిండులోంచే మాట్లాడాడు.

"ఎవరూ లేరండీ. కాలు జారింది. మా బావమరిది కిందే ఉన్నాడు."

అడ్డంగా దొరికినా ఒప్పుకోడు. నేనెన్ని రకాలుగా తిప్పి అడిగినా అదే మాట. చివరికి భార్య అడిగింది, తమ్ముడి కోసమే దాస్తున్నావా అని. అప్పుడు కూడా నేరుగా ఒప్పుకోలేదు. వాళ్ళ వృత్తిలో దారి వదిలినవాడన్న పేరు వస్తే జన్మలో ఎవరూ బండి ఎక్కించుకోరనీ, అతన్ని ఈ పనిలోకి తెచ్చింది తనేననీ, కవల పిల్లల తండ్రి అనీ, ఇవన్నీ ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పాడు. తన కాళ్ళ సంగతి ఎత్తనే లేదు.

ఈలోగా కోటు రానే వచ్చాడు. కార్యం చెడగొట్టాలంటే అతనికి ఉన్నంత సమయపాలన ఎవరికీ ఉండదు. గుమ్మంలోంచే ఫిర్యాదు కాగితం చూపించాడు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని స్తంభం సంతకం పెడితే బావమరిది మీద ఫిర్యాదు చించేస్తానన్నాడు. స్తంభం పెన్ను కోసం చెయ్యి చాపాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు మహానుభావుడు.

ఆ చేతిని బావమరిది పట్టుకున్నాడు. ఎప్పుడు లోపలికొచ్చాడో నేను చూడలేదు.

"బావా, ఆగు. ఈయన దగ్గర నేను మంగళవారమే చెప్పేశాను."

అతను ఎర్రగుడ్డ మడత విప్పి అందులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మంగళవారం పొద్దున తొమ్మిదింపావుకు బీమా ఆఫీసుకి వెళ్ళి రాసిచ్చిన వాంగ్మూలం నకలు. బండి అడ్డంగా ఉంది తియ్యమని పదీ నలభై రెండుకు సామాన్ల కంపెనీ మేనేజరు ఫోన్ చేస్తే, పని మధ్యలో ఉందని చెప్పినా వినకపోతే, గుడ్డ కట్టి వెళ్ళాననీ, తప్పు తనదేననీ, బావకు న్యాయం చెయ్యమనీ రాసి ఉంది. అడుగున బీమా కంపెనీ ముద్ర, అందినట్టు కోటు పొట్టి సంతకం. నకలు ఇవ్వకుండా ఎవరి వాంగ్మూలమూ తీసుకోవద్దని నేర్పింది నేనే, ఆ పాఠం మాత్రం అతను మర్చిపోలేదు పాపం.

యజమాని మాట మీద దారి మనిషి కదిలితే తప్పు యజమానిది, పరిహారం మొత్తం కట్టాల్సింది బీమా కంపెనీ. ఇది పాలసీ మూడో పేజీలోనే ఉంది. అందుకే ఆ కాగితం ఫైల్లోకి రాలేదు. కేసు తేలేదాకా నోరు విప్పితే మీ బావకే నష్టమని ఇతన్ని బెదిరించి పంపాడట. అలా ఒకడు చెప్పేసి నోరు మూసుకున్నాడు, ఒకడు చెప్పకుండా నోరు మూసుకున్నాడు, మధ్యలో ఆ ఇల్లాలు ఊరంతా తిరిగింది.

"ఇద్దరికీ బుద్ధి లేదు" అంది ఆమె. కోపమో ఏడుపో తెలియని గొంతుతో అంది. తమ్ముడి చేతిలోని ఎర్రగుడ్డ తీసుకుని తిన్నగా గుమ్మం దగ్గరికి వెళ్ళింది. కోటు అప్పటికే బయటికి రెండడుగులు వేయబోతున్నాడు. ఆమె తలుపు మూసి గొళ్ళానికి గుడ్డ కట్టింది, కుట్టుపనివాళ్ళు వేసే గట్టి ముడి.

"దారి మూశాం సార్. కాగితం రాసి కదలండి."

కోటు నా వైపు చూశాడు. నేను వాంగ్మూలం నకలు మడిచి జాకెట్లో దోపుకుని, కుర్చీ లాగి, పెన్ను మూత తీసి ఇచ్చాను. ఇదే నకలు ఐదు గంటలకు మీ పైవాళ్ళ బల్ల మీద ఉండాలా, వద్దా, నువ్వే తేల్చుకో నాయనా అన్నాను. అతను కూర్చున్నాడు. మొదటిసారిగా కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. పని చేస్తుండగా తగిలిన దెబ్బే అని తేదీతో, సమయంతో రాయడం మొదలుపెట్టాడు. నేను వెనక నిలబడి ప్రతి లైనూ చదివాను.

మంచం మీద నుంచి స్తంభం నన్ను పిలిచాడు. తల పక్కకి తిప్పడానికే చాలా కష్టపడ్డాడు. నాలుగు రోజులుగా అతన్ని అడగాల్సినవన్నీ అందరూ అడిగారు. అతను అడగాలనుకున్నది మాత్రం ఎవరినీ అడగలేకపోయాడు. అడిగితే మెట్ల మీద ఎవరో ఉన్నట్టు తెలిసిపోతుంది కదా.

"మేడమ్, ఇరవై ఏడో మెట్టు తర్వాత ఆయన కర్ర చప్పుడు నాకు వినపడలేదు. తాతగారు దిగారా?"